ఎంప్టీలు కలిశాయట, బుల్లెట్ మీద మాత్రం ఏమీ చెప్పలేమట: ఈ ఎఫ్ఎస్ఎల్ రిపోర్ట్‌ని ఎలా చదవాలి?

జూనియర్_అడ్వకేట్_గోదావరి

అందరికీ నమస్కారం. గోదావరి జిల్లాల్లో ఒక సెషన్స్ కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నాను, ఎన్‌రోల్ అయి మూడేళ్లు. మా సీనియర్ గారు ఒక హత్య కేసులో ముద్దాయి తరఫున ఉన్నారు, ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్ట్ చదివి నోట్స్ రాయమని నాకు అప్పజెప్పారు. ఇటు మాకు వచ్చేవి కత్తి, కర్ర, పురుగుమందు కేసులే ఎక్కువ. తుపాకీ కేసు ఫైలు చేతిలోకి రావడం ఇదే మొదటిసారి, రెండు రాత్రులుగా టెన్షన్‌గా ఉంది.

ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చి రాస్తున్నాను. రాత్రి పూట ఒక మనిషిని ఇంటి ముందే కాల్చారు. అదే రాత్రి క్లూస్ టీమ్ వచ్చి రెండు ఎంప్టీలు, అంటే కాల్చాక పిస్టల్ బయటికి విసిరేసే ఖాళీ ఇత్తడి డొప్పలు, వాకిట్లో ఏరారు. పోస్ట్‌మార్టంలో ఒంట్లోంచి ఒక బుల్లెట్ తీశారు, రెండోది ఒంట్లోంచి దూసుకుపోయింది, అది దొరకలేదు. పదకొండో రోజున ముద్దాయిని అరెస్ట్ చేసి, వీఆర్వోలను మధ్యవర్తులుగా పెట్టి కన్ఫెషన్ పంచనామా రాసి, అతనే చూపించాడంటూ 7.65 ఎంఎం నాటు పిస్టల్, మూడు లైవ్ రౌండ్లు సీజ్ చేశారు. తర్వాత అన్నీ కలిపి పందొమ్మిదో రోజున ఎఫ్ఎస్ఎల్‌కి పంపారు.

రిపోర్ట్‌లో ఉన్నది మూడు ముక్కలు. పిస్టల్ పనిచేసే స్థితిలో ఉంది. రెండు ఎంప్టీలూ ఈ పిస్టల్ నుంచే కాల్చినవి. బుల్లెట్ 7.65 ఎంఎం రకానిదే గానీ, ఈ పిస్టల్ నుంచే వచ్చిందా అన్నది తగినన్ని గుర్తులు లేనందున నిర్ధారించలేము.

నా సందేహం ఏంటంటే, ఒకే పిస్టల్, ఒకే రాత్రి, ఒకే కాల్పులు, మరి డొప్పలు కలిసి బుల్లెట్ కలవకపోవడం ఎలా? ఇది రిపోర్ట్‌లో లోపమా, లేక మామూలుగా జరిగేదేనా? అసలు "ఈ పిస్టల్ నుంచే" అని అంత గట్టిగా ఎలా చెప్పగలుగుతారు? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

బాలిస్టిక్స్_పాతకాపు

జూనియర్ గారూ, ఆ రెండు మాటలకీ మధ్య వైరుధ్యం ఏమీ లేదు. బుల్లెట్ మీద చెప్పలేమని రాశారు చూడండి, ఆ ఒక్క వాక్యం వల్లే నాకు ఆ రిపోర్ట్ మీద కొంచెం గౌరవం కలిగింది. ఇరవై ఏళ్లకు పైగా ఒక రాష్ట్ర ల్యాబ్‌లో ఈ సెక్షన్‌లోనే పనిచేశాను. చెప్పలేనిది చెప్పలేనని రాయడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే ఐఓ, అంటే దర్యాప్తు అధికారి, దగ్గర్నుంచి ఫోన్లు వస్తాయి.

విషయం ఇది. బుల్లెట్ మీద గుర్తులు పడేది బ్యారెల్ లోపల. ఫ్యాక్టరీ పిస్టల్‌లో బ్యారెల్ లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి, వాటినే రైఫ్లింగ్ అంటాం. బుల్లెట్ వాటిని ఒరుసుకుంటూ బయటికి వస్తుంది కాబట్టి గాడులు ఎన్ని, వెడల్పెంత, కుడికి తిరిగాయా ఎడమకు తిరిగాయా అన్నవన్నీ దాని ఒంటిమీద అచ్చు పడతాయి. పాత కోల్ట్ రివాల్వర్లలో ఎడమకు తిరుగుతాయి, స్మిత్ అండ్ వెసన్‌లో కుడికి. ఇవి ఆ మోడల్ మొత్తానికీ ఉండే లక్షణాలు, వీటితో ఏ రకం తుపాకీయో చెప్పొచ్చు, ఏ తుపాకీయో చెప్పలేం. ఆ గాడుల మధ్య కంటికి కనిపించని సన్న గీతలు ఉంటాయి, బ్యారెల్ కోసిన పనిముట్టు వల్ల, వాడకం వల్ల, తుప్పు వల్ల పడినవి. ఒక్క తుపాకీని మిగతావాటి నుంచి విడదీసేది ఆ గీతలే.

నాటు పిస్టల్‌లో ఏమవుతుందంటే, చాలావాటికి అసలు రైఫ్లింగే ఉండదు, నున్నటి గొట్టం. కొన్నింటికి పైపైన కోసి ఉంటుంది. గొట్టం లావు కూడా బుల్లెట్‌కి సరిగ్గా సరిపోదు. అది ఒకపక్క తగిలి, ఒకపక్క తగలకుండా, ఊగుతూ బయటపడుతుంది. పది రౌండ్లు కాలిస్తే పది బుల్లెట్ల మీదా గీతలు పది రకాలుగా పడిన పిస్టల్స్ నా చేతిలోకి వచ్చాయి. టెస్ట్ బుల్లెట్లే ఒకదానితో ఒకటి కలవనప్పుడు శవంలోంచి తీసినదాన్ని దేనితో పోల్చాలి? దానికి తోడు ఎముకకి తగిలి నలిగి ఉంటే ఇక అయిపోయినట్టే.

ఎంప్టీల సంగతి వేరు. వాటి మీద గుర్తులు వేసేది వెనక భాగం. ఫైరింగ్ పిన్ వచ్చి ప్రైమర్‌ని, అంటే డొప్ప అడుగున నిప్పు పుట్టించే చిన్న మూతని, గుద్దుతుంది, అక్కడ ఒక గుంట. మందు అంటుకోగానే వెయ్యి వాతావరణ పీడనాల పైచిలుకు ఒత్తిడితో డొప్ప వెనక్కి వచ్చి బ్రీచ్ ఫేస్‌కి, అంటే దాని వెనకుండే ఇనప గోడకి, అతుక్కుంటుంది, ప్రైమర్ మెత్తటి లోహం కాబట్టి ఆ గోడ మీదున్న ప్రతి గీతా దాని మీద అచ్చవుతుంది. తర్వాత డొప్పను లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం గుర్తు, బయటికి విసిరే ఎజెక్టర్ తగిలిన గుర్తు. మా చిన్నప్పుడు రోళ్లకు కక్కు కొడతామంటూ ఊళ్లోకి మనుషులు వచ్చేవాళ్లు. ఒకే మనిషి ఒకే ఉలితో రెండు రోళ్లకు కక్కు కొట్టినా ఆ గుంటలు రెండింట్లోనూ ఒకేలా ఉండవు. నాటు పిస్టల్ బ్రీచ్ ఫేస్ మీద ఆకురాయితో చేత్తో అరగదీసిన గీతలు అచ్చం అలాంటివి. అందుకే నాటు ఆయుధాల్లో బుల్లెట్ కంటే ఎంప్టీయే గట్టి సాక్ష్యం.

పని చేసే పద్ధతి కూడా చెప్తాను, మీకు క్రాస్ ఎగ్జామినేషన్‌లో పనికొస్తుంది. సీజ్ చేసిన లైవ్ రౌండ్లనే టెస్ట్‌కి వాడతారు సాధారణంగా, నాటు పిస్టల్ పేలిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి స్టాండ్‌కి బిగించి దూరం నుంచి తాడు లాగి కాలుస్తారు. బుల్లెట్ చెడకుండా దూది పెట్టెలోకో నీళ్ల ట్యాంకులోకో కాలుస్తారు. ఆ తర్వాత కంపారిజన్ మైక్రోస్కోప్. రెండు మైక్రోస్కోపులను మధ్యలో అద్దాలతో కలిపి ఒకే కన్ను పెట్టే గొట్టంలోకి తెస్తారు, మధ్యలో గీత, ఎడమపక్క ఒక డొప్ప, కుడిపక్క ఇంకో డొప్ప. ముందు టెస్ట్ డొప్పలను వాటిలో వాటికే పోల్చాలి, పిస్టల్ ప్రతిసారీ ఒకే గుర్తు వేస్తోందా అని. అది తేలాకే నేరస్థలంలో దొరికినదాన్ని పక్కన పెట్టాలి. ఈ మెట్టు వదిలేసి నేరుగా పోల్చితే ఆ అభిప్రాయానికి పునాది లేదు. మీ రిపోర్ట్‌లో ఎన్ని టెస్ట్ ఫైర్లు చేశారో రాశారా, ఫొటోమైక్రోగ్రాఫులు, అంటే మైక్రోస్కోప్‌లో తీసిన ఫొటోలు, జత చేశారా చూడండి.

ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకోండి. మైక్రోస్కోప్ ఏ పిస్టల్ అన్నది చెప్తుంది. ఎప్పుడు కాల్చారో చెప్పదు, ఎవరు కాల్చారో అసలే చెప్పదు.

క్లూస్‌టీమ్_రిటైర్డ్

పాతకాపు గారి చివరి మాట దగ్గరే నేను మొదలుపెడతాను, ఎందుకంటే బాబూ, నీ ఫైల్లో నాకు మొదట కొట్టొచ్చినట్టు కనిపించింది తేదీలు. ఎంప్టీలు మొదటి రాత్రి దొరికాయి. పిస్టల్ పదకొండో రోజున. పంపింది పందొమ్మిదో రోజున, అన్నీ కలిపి. ఆ ఎంప్టీలు మధ్యలో పద్దెనిమిది రోజులు ఎక్కడున్నాయి?

నేను పనిచేసినంత కాలం మా పిల్లలకి చెప్పిందొక్కటే. ఎంప్టీలు దొరికాయా, సీలు వేసి, లెటర్ ఆఫ్ అడ్వైజ్, అంటే ల్యాబ్‌కి ఏం పరీక్షించాలో చెప్పే ఉత్తరం, రాయించి, పిస్టల్ దొరకకముందే ల్యాబ్‌కి పంపేయండి. పిస్టల్ దొరికాక దాన్ని విడిగా పంపండి. అప్పుడు ఎవరూ వేలెత్తి చూపలేరు. రెండూ స్టేషన్ మాల్‌ఖానాలో (సీజ్ చేసిన వస్తువులు దాచే గదిలో) పక్కపక్కన కూర్చుని ఒకే రోజు బయలుదేరితే, దొరికిన పిస్టల్‌తోనే రెండు కాల్చి ఆ డొప్పలను పెట్టారని ఎదుటి లాయర్ అంటాడు. అలా చేశారని నేననడం లేదు. నూటికి తొంభై తొమ్మిది కేసుల్లో అది బద్ధకం, బండి లేకపోవడం, ఎస్కార్ట్ కానిస్టేబుల్ బందోబస్తుకి పోవడం. కానీ ఆ బద్ధకం వల్ల నిజమైన కేసు కూడా కూలిపోవడం చూశాను, చనిపోయినవాడి తల్లి కోర్టు వరండాలో కూర్చుని ఏడుస్తుంటే ఆమె మొహం చూడలేకపోయాను.

మొదటి రాత్రి స్కెచ్‌లో ఆ రెండూ ఎక్కడ పడ్డాయో కొలతలున్నాయా చూడు. ఫొటోలో పక్కన స్కేలు పెట్టారా? డొప్ప అడుగున ఉండే అక్షరాలు, అంటే తయారుచేసిన కంపెనీ గుర్తు, మొదటి రాత్రి పంచనామాలోనే రాశారా? రాసి ఉంటే, అవే అక్షరాలు ల్యాబ్ రిపోర్ట్‌లో ఉంటే, మార్చేశారన్న వాదన చాలావరకు వీగిపోతుంది. రాయకపోతే ఆ ఖాళీ ప్రాసిక్యూషన్‌దే.

ఇంకోటి. ఏజెన్సీలో నాలుగేళ్లు చేశాను, అక్కడ వేటకి వాడే నాటు తుపాకులు గొట్టం ముందు నుంచి మందు కూరేవి, సీసం గుళ్లో ఇనప ముక్కలో వేసి కాలుస్తారు. వాటికి డొప్పే ఉండదు. అక్కడ ఈ మైక్రోస్కోప్ కథేమీ నడవదు, తుపాకీ పనిచేస్తుందా, గొట్టంలో కాల్చిన మసి ఉందా, ఒంట్లో దొరికిన గుళ్లూ ఇంట్లో దొరికిన గుళ్లూ ఒకే తరహావా అన్నంత వరకే. నీది పిస్టల్ కాబట్టి ఇంత మాట్లాడుకోగలుగుతున్నాం.

మార్చురీ_డాక్టర్

లాయర్ గారూ, బుల్లెట్ మీద గుర్తులు లేకపోవడానికి బ్యారెల్ ఒక్కటే కారణం కానక్కర్లేదు, మా వైపు తప్పు కూడా ఉండొచ్చు. ఫోరెన్సిక్ మెడిసిన్‌లో పీజీ చేసేటప్పుడు మా ప్రొఫెసర్ మొదటి తుపాకీ కేసులో నా చేతిలోంచి ఫోర్సెప్స్ లాక్కున్నారు. పళ్లున్న ఇనప ఫోర్సెప్స్‌తో బుల్లెట్‌ని పట్టుకుంటే దాని ఒంటిమీద మన గీతలు పడతాయి, ఉన్న గీతలు పోతాయి. గ్లౌజు వేసుకున్న వేళ్లతో తీయాలి, లేదా కొనలకు రబ్బరు తొడిగిన ఫోర్సెప్స్‌తో. రక్తం మెల్లగా కడిగి, ఆరనిచ్చి, దూదిలో చుట్టి చిన్న డబ్బాలో పెట్టాలి. గుర్తుకోసం ఏదైనా అక్షరం గీయాలంటే అడుగున మాత్రమే, పక్కల మీద ఎప్పుడూ కాదు. తడిగానే ప్లాస్టిక్ కవర్లో వేసి సీలు వేస్తే తుప్పు, మచ్చ, అన్నీ పడతాయి. చిన్న ఆసుపత్రుల్లో ఇలా పంపినవి నేను చూశాను, వాళ్లకి ఎవరూ నేర్పలేదు, అది వాళ్ల తప్పని నేననలేను.

కాబట్టి పీఎం రిపోర్ట్‌లో బుల్లెట్ ఎక్కడ దొరికిందో చదవండి. వెన్నెముకలోనో తొడ ఎముకలోనో ఇరుక్కుని ఉంటే నలగడం సహజం. మెత్తటి కండలో దొరికి కూడా గుర్తులు లేవంటే అప్పుడు బ్యారెల్ వైపు చూడాలి.

గాయం గురించి ఒక మాట, ఇది ఎవరూ అడగరు గానీ కేసుని తిప్పేస్తుంది. బుల్లెట్ లోపలికి వెళ్లిన చోట చర్మం చుట్టూ ఒరుసుకుపోయిన ఉంగరం ఉంటుంది. దాని చుట్టూ మసి పట్టి నల్లగా ఉందా, కాలని మందు రేణువులు గుచ్చుకుని పచ్చబొట్టులా చుక్కలున్నాయా? మసి ఉంటే పిస్టల్ చాలా దగ్గరగా, అంగుళాల్లో ఉందని. చుక్కలు మాత్రమే ఉంటే రెండు మూడడుగుల లోపు అని స్థూలంగా. ఏదీ లేకపోతే అంతకంటే దూరం, లేదా మధ్యలో బట్ట అడ్డం వచ్చింది. అందుకే చొక్కా ముఖ్యం, మసి చొక్కా మీదే ఆగిపోతుంది. కచ్చితమైన దూరం కావాలంటే అదే పిస్టల్, అదే రకం రౌండ్లతో వేర్వేరు దూరాల నుంచి గుడ్డ మీద కాల్చి పోల్చాలి. ప్రత్యక్ష సాక్షి పది అడుగుల నుంచి కాల్చాడని చెప్తూ, గాయం చుట్టూ మసి ఉంటే, ఆ సాక్షి అక్కడ ఉన్నాడా అన్న ప్రశ్న వస్తుంది. చొక్కా ఎఫ్ఎస్ఎల్‌కి పంపారా?

పల్నాటి_పిల్లోడు

అన్నా నాకు ఒకటి అర్థం కాదు. మనిషిని చంపినవాడిని బయటపడేయడానికి ఇన్ని దారులు వెతకడం ఎందుకు? చచ్చిపోయినవాడి తరఫున ఎవరు అడుగుతారు?

జూనియర్_అడ్వకేట్_గోదావరి

పల్నాటి తమ్ముడూ, నువ్వడిగింది మా అమ్మ కూడా అడిగింది. ముద్దాయి చంపాడో లేదో నాకు తెలియదు, నిజంగా తెలియదు. చంపి ఉంటే, ఇదంతా సరిగ్గా చేసి ఉంటే, మేమేం అడిగినా రిపోర్ట్ నిలబడుతుంది. చంపకపోయి ఉంటే ఈ ఒక్క కాగితం మీద ఒక మనిషి జీవితాంతం లోపలుంటాడు, అసలు కాల్చినవాడు ఇదే ఊళ్లో తిరుగుతుంటాడు. చనిపోయినాయన కుటుంబానికి కూడా అది న్యాయం కాదు కదా.

డాక్టర్ గారూ, ఇప్పుడే చూశాను. బుల్లెట్ నడుము దగ్గర వెన్నుపూసలో ఇరుక్కుని ఉంది, ముక్కు చదునైందని రాశారు. చొక్కా సీజ్ చేశారు గానీ బ్లడ్ గ్రూప్ కోసమే పంపారు, మసి గురించి ఎవరూ అడగలేదు. క్లూస్ టీమ్ సార్, మొదటి రాత్రి పంచనామాలో "రెండు ఖాళీ తూటాలు" అని మాత్రమే ఉంది, అడుగున ఏ అక్షరాలున్నాయో లేదు. ఫొటోలు ఉన్నాయి, స్కేలు ఉంది, కానీ అక్షరాలు కనిపించేంత దగ్గరగా తీయలేదు.

మేరీలాండ్_తెలుగు

నేను లాయర్ని కాదు, స్టాటిస్టిక్స్‌లో పనిచేస్తాను, ఇక్కడ ఒక కేసు వల్ల ఈ విషయం మీద చాలా చదివాను. మా మేరీలాండ్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2023 జూన్‌లో అబ్రుక్వా కేసులో, ఈ బుల్లెట్లు ఈ తుపాకీ నుంచే వచ్చాయి అని నిపుణుడు ఏ షరతూ లేకుండా చెప్పడానికి ట్రయల్ కోర్టు ఒప్పుకోవడం తప్పు అంది. గుర్తులు సరిపోతున్నాయి అనేదాకా వెళ్లొచ్చు, ఇదే తుపాకీ అనేదాకా వెళ్లడానికి ఆధారం చాలదని.

దీని వెనక కథ పాతది. 1915లో న్యూయార్క్ రాష్ట్రంలో స్టీలో అనే పాలేరు మీద జంట హత్యల కేసు పెట్టారు. హామిల్టన్ అనే ఒక స్వయంప్రకటిత నిపుణుడు అతని రివాల్వర్ నుంచే బుల్లెట్లు వచ్చాయని కోర్టులో చెప్పాడు, మరణశిక్ష పడింది. తర్వాత సరిగ్గా పరీక్షిస్తే ఆ బుల్లెట్లు ఆ రివాల్వర్‌వి కావని తేలింది, 1918లో గవర్నర్ విడుదల చేశారు. ఆ దర్యాప్తులో ఉన్న వెయిట్ అనే ఆయనే తర్వాత గొడార్డ్, గ్రావెల్ వాళ్లతో కలిసి ఈ రంగాన్ని నిలబెట్టారు, 1925 ప్రాంతంలో కంపారిజన్ మైక్రోస్కోప్ అలా వచ్చింది. 1929లో చికాగోలో వేలంటైన్స్ డే నాడు ఏడుగురిని కాల్చి చంపినప్పుడు, కాల్చినవాళ్లలో కొందరు పోలీసు యూనిఫాంలో ఉన్నారు కాబట్టి పోలీసుల మీదే అనుమానం వచ్చింది. గొడార్డ్ పోలీసుల థాంప్సన్ గన్లను పరీక్షించి ఇవి కావన్నాడు. అదే ఏడాది డిసెంబర్‌లో మిషిగన్‌లో బర్క్ అనే నేరస్థుడి ఇంట్లో దొరికిన గన్లతో డొప్పలు కలిశాయి. చూడండి, ఈ విద్య అనుమానితుడిని పట్టించడం కంటే ముందు, కానివాళ్లను పక్కకు పెట్టడంలో పనికొచ్చింది.

అంకెలు కూడా చెప్తాను. 2014లో అమెరికాలోని ఏమ్స్ ల్యాబ్ అధ్యయనంలో 218 మంది నిపుణులకు డొప్పలిచ్చి పోల్చమన్నారు. వేర్వేరు తుపాకుల డొప్పలను ఒకటే అని తప్పుగా చెప్పినవి 22. చెప్పలేము అన్న జవాబులు తీసేసి లెక్కేస్తే 66కి ఒకటి, కలుపుకుంటే వందకి ఒకటి. 2016లో అమెరికా అధ్యక్షుడి సైన్స్ సలహా మండలి ఈ 66కి ఒకటి అన్న లెక్కనే ఎత్తిచూపింది. ఇంకో సంగతి, ఆ 22లో 20 తప్పులు చేసింది ఐదుగురే. అంటే ఎవరు చూశారన్నదే ప్రధానం. మీ రిపోర్ట్ మీద సంతకం పెట్టినాయనని ఎన్ని ప్రొఫిషియన్సీ టెస్టులు (నైపుణ్య పరీక్షలు) రాశారో, రెండో నిపుణుడు విడిగా చూశారో లేదో అడగండి.

బాలిస్టిక్స్_పాతకాపు

మేరీలాండ్ గారూ, మీరు చెప్పింది తప్పని అనను, కానీ ఆ లెక్కని ఇక్కడ అలాగే అతికించొద్దు. ఆ అధ్యయనంలో వాడినవి ఒకే మోడల్ కొత్త రూగర్ పిస్టల్స్. మెషిన్ మీద వరసగా కోసినవి కాబట్టి ఒకే పనిముట్టు గీతలు పక్కపక్క పిస్టల్స్‌లో కొంతవరకు ఒకేలా రావొచ్చు, అది నిజమైన ఉచ్చు. చేత్తో అరగదీసిన నాటు పిస్టల్‌లో ఆ ప్రమాదం తక్కువ. కానీ దాని ప్రమాదం దానికుంది. లోహం నాసిరకం, ఐదు రౌండ్లు కాల్చేసరికి పిన్ను కొన అరిగిపోతుంది, పది రోజులు కాలవ గట్టున పాతిపెడితే తుప్పు పట్టి బ్రీచ్ ఫేస్ మారిపోతుంది. అందుకని 66కి ఒకటి అన్నది మన పిస్టల్‌కి ఎక్కువా తక్కువా అన్నది ఆ అధ్యయనం నుంచి తేలదు. రెండో నిపుణుడి మాట మాత్రం నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను, అడగాల్సిందే. మొదటాయన జవాబు తెలియకుండా రెండో ఆయన చూడాలి, తెలిసి చూస్తే అది సంతకం మాత్రమే.

ఈ విద్యని తీసిపారేయొద్దని ఒక ఉదాహరణ చెప్తాను. 2015 ఆగస్టులో ధార్వాడ్‌లో కన్నడ రచయిత కల్బుర్గి గారిని, 2017 సెప్టెంబర్‌లో బెంగళూరులో జర్నలిస్టు గౌరీ లంకేశ్ గారిని చంపారు. రెండేళ్ల తేడా, రెండు ఊళ్లు. రెండుచోట్లా ఒకే 7.65 ఎంఎం నాటు పిస్టల్ వాడారని బెంగళూరు ల్యాబ్ డొప్పలు, బుల్లెట్లు పోల్చి చెప్పింది. పిస్టల్ చేతిలో లేకుండానే. రెండు హత్యల వెనక ఒకే ముఠా ఉందన్న దారి దర్యాప్తుకి అక్కడ గట్టిపడింది. అలాగే మహారాష్ట్రలో జరిగిన దభోల్కర్, పన్సారే హత్యలతో పోల్చేటప్పుడు ముంబై, బెంగళూరు ల్యాబ్‌ల అభిప్రాయాలు కలవక, సీబీఐ స్కాట్లండ్ యార్డ్‌కి పంపాలని ప్రయత్నించి అది కుదరక అహ్మదాబాద్ ల్యాబ్‌కి పంపింది. అవే డొప్పలు, ఇద్దరు నిపుణులు, రెండు అభిప్రాయాలు. రెండు సంగతులూ నిజమే, రెండూ గుర్తుపెట్టుకోవాలి.

సెషన్స్_సీనియర్

లేటుగా చూశాను. అమ్మా లేక బాబూ, ఎవరైనా సరే, చట్టం వైపు నుంచి కొన్ని.

రిపోర్ట్ మీద సంతకం ఎవరిది? బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 329 కింద, పాత సీఆర్పీసీ 293, డైరెక్టర్, డిప్యూటీ డైరెక్టర్, అసిస్టెంట్ డైరెక్టర్ స్థాయి వాళ్ల రిపోర్ట్‌ని సాక్షిగా పిలవకుండానే కోర్టు తీసుకోవచ్చు. అంతకంటే కింది స్థాయి అధికారిదైతే ఆయన వచ్చి బోనెక్కి చెప్పాలని వాదించొచ్చు. పై స్థాయిదైనా నిపుణుడిని పిలిపించమని అడిగే అవకాశం అదే సెక్షన్‌లో ఉంది. మీ కేసులో పిలిపించకుండా రిపోర్ట్‌ని సాక్ష్యంగా మార్క్ చేయడానికి ఒప్పుకోకండి. చాలామంది జూనియర్లు అభ్యంతరం లేదని రాసేసి తర్వాత బాధపడతారు.

నిపుణుడి అభిప్రాయం భారతీయ సాక్ష్య అధినియం 39 కింద వస్తుంది, పాత ఎవిడెన్స్ యాక్ట్ 45. అది అభిప్రాయమే, తీర్పు కాదు. అలాగని చిన్నచూపు చూడొద్దు. 1958లో రిపోర్ట్ అయిన కలువా కేసులో సుప్రీంకోర్టు, నేరస్థలంలో దొరికిన కార్ట్రిడ్జ్ ముద్దాయి చూపించిన పిస్టల్‌తో కలిసిందన్న నిపుణుడి సాక్ష్యాన్ని నమ్మి శిక్ష ఖాయం చేసింది. అటువైపు 1995 సుఖ్వంత్ సింగ్ కేసులో, పిస్టల్, ఎంప్టీ రెండూ దొరికి కూడా నిపుణుడికి పంపి కలపకపోవడాన్ని ప్రాసిక్యూషన్ లోపంగా చూసింది.

జెస్సికా లాల్ హత్య కేసు తప్పకుండా చదవండి. 1999లో ఢిల్లీలో జరిగింది, పిస్టల్ ఎప్పటికీ దొరకలేదు, దొరికినవి పాయింట్ 22 ఎంప్టీలు రెండు. రెండూ వేర్వేరు తుపాకులవి కావొచ్చన్న ఒక నిపుణుడి మాట పట్టుకుని రెండు తుపాకుల వాదం లేచింది, 2006 ఫిబ్రవరిలో ట్రయల్ కోర్టు ముద్దాయిలను వదిలేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో హైకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చి శిక్ష వేసింది, 2010లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. తుపాకీ చేతిలో లేకుండా రెండు డొప్పల మీద ఎంతవరకు చెప్పొచ్చన్న చర్చ ఆ తీర్పుల్లో వివరంగా ఉంది. డిఫెన్స్ కూడా నిపుణుడి మాటని అతిగా లాగితే ఏమవుతుందో అందులో తెలుస్తుంది.

రికవరీ సంగతి. కన్ఫెషన్ పంచనామా మొత్తం చెల్లదు, పిస్టల్ దొరకడానికి దారితీసిన ముక్క మాత్రమే, అది సాక్ష్య అధినియం సెక్షన్ 23 ప్రొవైజో (మినహాయింపు), పాత ఎవిడెన్స్ యాక్ట్ 27. బీఎన్ఎస్ఎస్ 105 ప్రకారం సోదా, సీజ్ వీడియో తీయాలి. మీ కేసు 2024 జూలై తర్వాతదైతే ఆ వీడియో అడగండి. పిస్టల్ తీసిన చోటు, సీలు వేయడం, మధ్యవర్తుల సంతకాలు అందులో కనిపించాలి. వీడియో లేకపోతే ఎందుకు లేదో ఐఓ చెప్పాలి. ఉంటే, మీ ముద్దాయికి వ్యతిరేకంగా కూడా ఉండొచ్చు, దానికి సిద్ధపడే అడగండి.

ఇక మీరు రాయాల్సిన నోట్స్ మైక్రోస్కోప్ గురించి పది పేజీలు అక్కర్లేదు. పద్దెనిమిది రోజుల గురించి రెండు పేజీలు రాయండి. మాల్‌ఖానా రిజిస్టర్, సీలు నమూనా, వస్తువులు ల్యాబ్‌కి తీసుకెళ్లిన కానిస్టేబుల్‌కి ఇచ్చే డ్యూటీ పాస్‌పోర్ట్, ల్యాబ్ రసీదు, ఈ నాలుగింట్లో తేదీలు, సీలు అక్షరాలు ఒకటిగా ఉన్నాయా.

జూనియర్_అడ్వకేట్_గోదావరి

సార్, బాబునే. మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

సంతకం సైంటిఫిక్ ఆఫీసర్‌ది, కింద అసిస్టెంట్ డైరెక్టర్ ఫార్వార్డ్ చేశారు. రిపోర్ట్‌లో రెండు టెస్ట్ ఫైర్లు అని ఉంది, ఫొటోలు జత చేయలేదు. పొద్దున మళ్లీ చూస్తే ఇంకోటి కనిపించింది. పంపిన ప్యాకెట్ల జాబితాలో లైవ్ రౌండ్లు మూడు. రిపోర్ట్‌లో ల్యాబ్‌కి అందినవి మూడు, టెస్ట్‌కి వాడినవి రెండు, తిరిగి పంపినది ఒక లైవ్ రౌండ్, రెండు టెస్ట్ డొప్పలు. లెక్క సరిపోయింది. మాల్‌ఖానా రిజిస్టర్ కాపీకి పిటిషన్ వేస్తున్నాం.

పాతకాపు గారూ, ఒక్క ప్రశ్న. ఫొటోలు జత చేయలేదంటే అసలు తీయలేదని అర్థమా?

బాలిస్టిక్స్_పాతకాపు

కానక్కర్లేదు. చాలా ల్యాబుల్లో తీసి వర్క్‌షీట్‌తో పాటు ఫైల్లో పెడతారు, రిపోర్ట్‌తో పంపరు. అందుకే నిపుణుడిని పిలిపించేటప్పుడు ఊరికే రమ్మనకండి, కేసు ఫైలు, వర్క్‌షీట్, ఫొటోమైక్రోగ్రాఫులు తీసుకుని రమ్మని సమన్లలో రాయించండి. వచ్చాక మొదట ఫొటో అడగండి. టెస్ట్ డొప్ప ఒకపక్క, వాకిట్లో దొరికింది ఒకపక్క, మధ్య గీత దాటి ఏ గీతలు కొనసాగుతున్నాయో వేలు పెట్టి జడ్జి గారికి చూపించమనండి. నిజంగా కలిసి ఉంటే ఆయన చూపించగలడు, జడ్జి గారికీ కనిపిస్తుంది, మీకూ కనిపిస్తుంది. ఆ తర్వాత మీ రెండో ప్రశ్న, ఆ డొప్ప ఏ తేదీన కాల్చిందో ఈ ఫొటోలో తెలుస్తుందా అని.

చొక్కా సంగతి డాక్టర్ గారు చెప్పారు, మర్చిపోకండి. ఇంకా కోర్టు ప్రాపర్టీలోనే ఉంటే, ఉతకకుండా మడత పెట్టకుండా ఉంటే, మసి పరీక్ష ఇప్పటికీ చేయొచ్చు.